ఇంగ్లండ్‌లో ఒక డిస్ట్రిక్ట్ కౌన్సిల్ ఎన్నిక: ఫలితాల పట్టిక వెనుక చరిత్ర



చరిత్ర పాఠం అనగానే రాజులు, యుద్ధాలు, సంధులు గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో వాటికి పెద్దగా చోటు లేదు. ఇంగ్లండ్ తూర్పు భాగంలోని ఒక గ్రామీణ ప్రాంతంలో 2023 మే 4న జరిగిన స్థానిక ఎన్నిక, దాని ఫలితాల పట్టిక ఈనాటి మన పాఠ్యాంశం. ఆ పట్టికలో ఉన్నవి మూడు పార్టీల పేర్లు, మూడు అంకెలు. అంతే.

నేను చరిత్రకారుణ్ణి కాను. ముప్పై ఏళ్ళుగా భౌతికశాస్త్రం చెబుతున్నవాణ్ణి. ప్రయోగశాలలో ఒక విద్యార్థి కొలత తెచ్చి చూపిస్తే నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. దేన్ని కొలిచావు? ఏ పద్ధతిలో కొలిచావు? ఎన్నికల ఫలితం కూడా ఒక కొలతే. ఎవరి అభిప్రాయాన్ని కొలిచారు, ఏ పద్ధతిలో కొలిచారు అన్న ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలియకపోతే ఆ అంకెలు మనకు ఏమీ చెప్పవు. జవాబు వెతుకుతూ వెళితే మాత్రం రెండున్నర శతాబ్దాల చరిత్ర బయటపడుతుంది.

1. డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా కాదు

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకుందాం. 'డిస్ట్రిక్ట్' అన్న మాటను మనం జిల్లా అని అనువదిస్తాం. మన జిల్లాలో లక్షల జనాభా ఉంటుంది, కలెక్టరు ఉంటారు. ఇంగ్లండ్‌లోని డిస్ట్రిక్ట్ అంత పెద్దది కాదు. మన పాఠానికి ఎంచుకున్న మిడ్ సఫోక్ డిస్ట్రిక్ట్ జనాభా 2021 జనగణన ప్రకారం లక్షా రెండు వేలకు కొంచెం పైన. పరిమాణంలో అది మన ఒకటి రెండు మండలాలకు దగ్గరగా ఉంటుంది. స్టోమార్కెట్, నీడమ్ మార్కెట్, ఐ అనే మూడు చిన్న పట్టణాలు, వాటి చుట్టూ పొలాలు, పల్లెలు. ఇదీ ఆ డిస్ట్రిక్ట్.

ఇటువంటి ప్రాంతాల్లో స్థానిక పాలన అంచెలుగా ఉంటుంది. అన్నిటికంటే కింద పారిష్ కౌన్సిల్ ఉంటుంది. దాన్ని మన గ్రామ పంచాయతీతో పోల్చవచ్చు. దాని పైన డిస్ట్రిక్ట్ కౌన్సిల్, ఆ పైన కౌంటీ కౌన్సిల్. పాఠశాలలు, రహదారులు, గ్రంథాలయాలు, వృద్ధుల సంరక్షణ కౌంటీ బాధ్యతలు. ఇళ్ళ నుంచి చెత్త సేకరించడం, కొత్త కట్టడాలకు అనుమతి ఇవ్వడం, ఇల్లు లేనివారికి వసతి చూడడం, ఆహారశాలల పరిశుభ్రతను తనిఖీ చేయడం, ఇంటిపన్ను వసూలు చేయడం డిస్ట్రిక్ట్ బాధ్యతలు. ఊరి చివరి పొలంలో రెండు వందల ఇళ్ళ కాలనీ రావచ్చా, రాకూడదా అన్నది లండన్‌లోని పార్లమెంటు కంటే ముందు ఈ కౌన్సిల్ ముందుకే వస్తుంది. అందుచేత ఫలితం చిన్నదైనా దాని ప్రభావం జనం గుమ్మం ముందే కనిపిస్తుంది.

2. ఒక కుటుంబం జేబులో ఉన్న పట్టణం

'ఐ' అన్న పేరు వినగానే ఇంగ్లీషులో కన్ను గుర్తుకు వస్తుంది. కాని పాత ఇంగ్లీషులో ఆ మాటకు ద్వీపం అని అర్థం. ఒకప్పుడు చుట్టూ చిత్తడి నేల ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది. ఇంత చిన్న పట్టణానికి 1832 వరకు పార్లమెంటులో ఇద్దరు సభ్యులుండేవారు. అదే కాలంలో మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ వంటి పెద్ద పారిశ్రామిక నగరాలకు సొంతంగా ఒక్క సభ్యుడు కూడా లేడు.

ఐ పట్టణంలో ఓటు హక్కు ఉన్నవారు కొద్దిమంది. వారు కూడా పట్టణానికి దగ్గరలో ఉన్న ఒక భూస్వామి కుటుంబం మాట కాదనేవారు కారు. ఇటువంటి నియోజకవర్గాలను 'పాకెట్ బరో' అనేవారు. అంటే యజమాని జేబులో ఉన్న పట్టణం అన్నమాట. ఆ కుటుంబం పేరు మనకు కొత్త కాదు. అది కార్న్‌వాలిస్ కుటుంబం. 1760లో ఐ పట్టణం తరఫున పార్లమెంటుకు వెళ్ళిన యువకుడు చార్లెస్ కార్న్‌వాలిస్. ఆయనే 1781లో అమెరికాలోని యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్ సేనలకు లొంగిపోయిన సేనాని. 1786 నుంచి 1793 వరకు మన దేశంలో గవర్నర్ జనరల్‌గా పనిచేసినవాడు. 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు నిర్ణయ విధానాన్ని తెచ్చినదీ ఆయనే.

ఆ విధానం 1802 నుంచి ఉత్తర సర్కారులకు, అంటే నేటి కోస్తా ఆంధ్ర ప్రాంతానికి కూడా వచ్చింది. జమీందారు చెల్లించవలసిన పేష్కషు శాశ్వతంగా నిర్ణయమైంది. రైతు చెల్లించవలసిన శిస్తుకు మాత్రం అటువంటి భద్రత దొరకలేదు. ఊళ్ళను ఒక కుటుంబం చేతికి అప్పగించడం కార్న్‌వాలిస్‌కు వింతగా తోచి ఉండదు. ఆయన పెరిగిన చోట పట్టణం ఓటే ఒక కుటుంబం చేతిలో ఉండేది.

1832 సంస్కరణ చట్టం ఐ పట్టణానికి ఉన్న రెండు స్థానాల్లో ఒకదాన్ని తీసివేసింది. 1885లో రెండోదీ పోయి, ఆ పట్టణం విశాలమైన గ్రామీణ నియోజకవర్గంలో కలిసింది.

3. లెక్కలోకి ఎవరెవరు ఎప్పుడు వచ్చారు?

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు వద్దాం. ఎవరి అభిప్రాయాన్ని కొలిచారు?

విజ్ఞానశాస్త్రం చదివే విద్యార్థులకు తెలిసిన పేరుతోనే మొదలు పెడతాను. ఆక్సిజన్ వాయువును వేరుచేసి దాని ధర్మాలను వర్ణించిన జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1755లో తన తొలి ఉద్యోగానికి వచ్చిన ఊరు ఈ నీడమ్ మార్కెట్టే. అక్కడి చిన్న చర్చిలో మూడేళ్ళు మత బోధకుడిగా ఉన్నాడు. ఆయన ఇంగ్లండ్ అధికార మతశాఖకు చెందనివాడు. 1661 నాటి కార్పొరేషన్ చట్టం ప్రకారం పురపాలక పదవి చేపట్టదలచినవారు అధికార చర్చి పద్ధతిలో ప్రసాదం స్వీకరించి ఉండాలి. కొందరు మొక్కుబడిగా ఆ తంతు జరిపి పదవులు పొందేవారు. నమ్మకం విషయంలో రాజీపడని వారికి తలుపు మూసే ఉండేది. ఈ షరతు 1828లో తొలగింది. ప్రీస్ట్‌లీ అప్పటికి కన్నుమూసి ఇరవై నాలుగేళ్ళు.

1835లో పురపాలక సంస్థల చట్టం వచ్చింది. అంతవరకు చాలా పట్టణాల్లో పాలకవర్గం తన వారసులను తానే నియమించుకునేది. కొత్త చట్టం 178 పట్టణాల్లో పన్ను చెల్లించే పురుషులకు కౌన్సిల్‌ను ఎన్నుకొనే హక్కునిచ్చింది. కాని ఓటు బహిరంగంగానే పడేది. ఎవరు ఎవరికి వేశారో ఇంటి యజమానికీ, పనికి పెట్టుకున్న దొరకూ తెలిసేది. 1872లో బ్యాలెట్ చట్టం వచ్చాకే ఓటు రహస్యమైంది. పార్లమెంటుకూ, పురపాలక సంఘాలకూ అది వర్తించింది.

మహిళల విషయం మరింత ఆసక్తికరం. పార్లమెంటు ఎన్నికల్లో మహిళలకు 1918 వరకు ఓటు లేదు. స్థానిక ఎన్నికల్లో మాత్రం పన్ను చెల్లించే మహిళలకు 1869లోనే ఓటు వచ్చింది. మూడేళ్ళకే ఒక న్యాయస్థానం ఆ హక్కు పెళ్ళికానివారికి, వితంతువులకు మాత్రమే అని తీర్పు చెప్పింది. పెళ్ళయిన స్త్రీకి ప్రత్యేక ఉనికి లేదన్నది నాటి న్యాయసూత్రం. పురుషుడి హక్కు పెళ్ళితో పోదు, స్త్రీ హక్కు పోతుంది. 1894 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం ఈ అడ్డును తీసివేసింది. పారిష్ కౌన్సిళ్ళు, గ్రామీణ, పట్టణ డిస్ట్రిక్ట్ కౌన్సిళ్ళు పుట్టినది ఆ చట్టం ద్వారానే. వాటికి మహిళలు ఓటు వేయడమే కాక పోటీ కూడా చేయవచ్చునని చట్టం చెప్పింది. అంటే డిస్ట్రిక్ట్ కౌన్సిల్ పుట్టుకతోనే మహిళలకు తలుపు తెరిచింది.

కౌంటీ, బరో కౌన్సిళ్ళలో సభ్యత్వం కోసం 1907 వరకు ఆగవలసి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే, 1908లో, సఫోక్ సముద్రతీరంలోని ఆల్డ్‌బరో పట్టణం ఎలిజబెత్ గారెట్ ఆండర్సన్‌ను మేయరుగా ఎన్నుకుంది. బ్రిటన్‌లో మేయరు పదవి చేపట్టిన తొలి మహిళ ఆమే. 1865లో వైద్యురాలిగా అర్హత సంపాదించి, బ్రిటన్ వైద్య చరిత్రలో మహిళలకు దారి చూపినదీ ఆమే. 1870లో లండన్ పాఠశాలల బోర్డుకు జరిగిన తొలి ఎన్నికలో లండన్ మొత్తం మీద అత్యధిక ఓట్లు ఆమెకే వచ్చాయి. పార్లమెంటుకు ఓటు వేసే అర్హత లేని వ్యక్తి స్థానిక ఎన్నికలో అందరికంటే ముందు నిలిచింది! పెద్ద సభ తలుపు తెరవకముందు చిన్న సభ తలుపు తెరుచుకోవడం ఎంత ముఖ్యమో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది.

మిగిలిన అడుగులు క్లుప్తంగా చెబుతాను. పేదల సహాయనిధి నుంచి సాయం పొందినవారికి ఓటు లేదన్న నిబంధన 1918లో పోయింది. ఇల్లు లేదా స్థలం ఆధారంగా కాక, పార్లమెంటు ఓటర్లందరికీ స్థానిక ఓటు అన్న సూత్రం 1945లో వచ్చింది. 1969లో ఓటు వయస్సు 21 నుంచి 18కి తగ్గింది. వ్యాపార స్థలం ఉన్నవారికి దక్కే అదనపు స్థానిక ఓటు కూడా, లండన్ నడిబొడ్డున ఉన్న సిటీ మినహా, అదే ఏడాది రద్దయింది.

ఇక్కడ మనకు సంబంధించిన విషయం ఒకటుంది. బ్రిటన్‌లో నివసిస్తూ, అక్కడ ఉండడానికి అనుమతి ఉన్న కామన్వెల్త్ దేశాల పౌరులు స్థానిక ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. భారతదేశం కామన్వెల్త్ సభ్యదేశం. అందుచేత గుంటూరు నుంచో వరంగల్ నుంచో చదువుకు వెళ్ళి అక్కడ ఓటరుగా నమోదైన విద్యార్థి కూడా ఈ పట్టికలోని అంకెల్లో ఒకడు కావచ్చు. మన స్వాతంత్ర్యానికి ముందే, 1934లో, వి. కె. కృష్ణమీనన్ లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ బరో కౌన్సిల్‌కు ఎన్నికయ్యారు. అక్కడి గ్రంథాలయాల అభివృద్ధికి ఆయన చేసిన కృషిని నేటికీ గుర్తు చేసుకుంటారు.

4. ఐదు పాత సంస్థలు కలిసి ఒక డిస్ట్రిక్ట్

1972లో చేసిన చట్టం 1974 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చి ఇంగ్లండ్ స్థానిక పాలన పటాన్ని మార్చివేసింది. లండన్, ఇతర మహానగర ప్రాంతాలు కాక 296 డిస్ట్రిక్టులు ఏర్పడ్డాయి. ఐ బరో, స్టోమార్కెట్ పట్టణ డిస్ట్రిక్ట్, గిప్పింగ్, హార్టిస్మియర్, థెడ్వాస్టర్ అనే మూడు గ్రామీణ డిస్ట్రిక్టులు కలిసి మిడ్ సఫోక్ అయింది. ఒకప్పుడు ఒక కుటుంబం జేబులో ఉన్న పట్టణం ఇప్పుడు చుట్టుపక్కల పల్లెలతో సమానంగా ఓటు వేయసాగింది.

కొత్త కౌన్సిల్‌లో చాలా కాలం 40 స్థానాలుండేవి. 2019 ఎన్నికకు ముందు వార్డుల సరిహద్దులు మార్చి వాటిని 34కు తగ్గించారు. అందువల్ల 2015లో వచ్చిన స్థానాలను 2019 స్థానాలతో నేరుగా పోల్చకూడదు. కొలబద్ద మారితే పాత కొలతను కొత్త కొలత పక్కన పెట్టే ముందు సవరించుకోవాలి కదా!

5. పట్టికను చదువుదాం

సరిహద్దులు మారకుండా జరిగిన రెండు ఎన్నికలు 2019, 2023. వాటిని పోల్చవచ్చు.

2019లో కన్సర్వేటివ్ పార్టీకి 16, గ్రీన్ పార్టీకి 12, లిబరల్ డెమొక్రాట్లకు 5, స్వతంత్రునికి 1 వచ్చాయి. మొత్తం 34. ఆధిక్యానికి 18 కావాలి. ఎవరికీ రాలేదు.

2023లో గ్రీన్ పార్టీకి 24, కన్సర్వేటివ్ పార్టీకి 6, లిబరల్ డెమొక్రాట్లకు 4. మొత్తం 34.

గ్రీన్ పార్టీ స్థానాలు నాలుగేళ్ళలో రెట్టింపయ్యాయి. శాతాల్లో చూస్తే 35 నుంచి 71కి చేరాయి. కన్సర్వేటివ్ స్థానాలు 47 శాతం నుంచి 18 శాతానికి పడిపోయాయి. బ్రిటన్‌లో ఒక కౌన్సిల్‌లో గ్రీన్ పార్టీకి పూర్తి ఆధిక్యం రావడం అదే మొదటిసారి. అంతకుముందు 2011లో బ్రైటన్ అండ్ హోవ్ నగరంలో ఆ పార్టీ పాలన చేపట్టింది కాని, అక్కడ ఆధిక్యం లేకుండానే నడిపింది. పర్యావరణం మాట ఎత్తే పార్టీకి విద్యార్థులు, కళాకారులు ఎక్కువగా ఉన్న నగరాల్లోనే బలం అన్న అభిప్రాయం అంతవరకు ఉండేది. రైతులు, చిన్న పట్టణాలు ఉన్న సంప్రదాయ ప్రాంతంలో ఆధిక్యం రావడంతో ఆ అభిప్రాయాన్ని సవరించుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాది, 2024 పార్లమెంటు ఎన్నికలో, ఐ పట్టణం ఉన్న వేవనీ వ్యాలీ నియోజకవర్గాన్ని కూడా ఆ పార్టీ గెలుచుకుంది.

కారణాలు ఏమిటి? ఒకే కారణం చెప్పడం శాస్త్రీయం కాదు. 2022లో బ్రిటన్‌కు ఒకే ఏడాదిలో ముగ్గురు ప్రధానమంత్రులు వచ్చారు. ధరలు పెరిగాయి. 2023 స్థానిక ఎన్నికల్లో కన్సర్వేటివ్ పార్టీ ఇంగ్లండ్ మొత్తం మీద వెయ్యికి పైగా స్థానాలు కోల్పోయింది. ఇది దేశమంతటా వీచిన గాలి. అయితే ఆ గాలి చాలాచోట్ల లేబర్ పార్టీకో, లిబరల్ డెమొక్రాట్లకో లాభించింది. ఇక్కడ గ్రీన్ పార్టీకి ఎందుకు లాభించింది? 2019లోనే ఆ పార్టీకి 12 మంది సభ్యులున్నారన్న అంకెను మరొక్కసారి చూడండి. ప్రజలకు ముఖపరిచయం ఉన్నవారు, ఊరి సమస్యలపై ముందే పనిచేసినవారు అక్కడ ఉన్నారు. దేశపు గాలి ఎంత బలంగా వీచినా, పందిరి వేసి ఉన్న చోటే తీగ పాకుతుంది.

6. స్థానాలు వేరు, ఓట్లు వేరు

ఇప్పుడు రెండో ప్రశ్న. ఏ పద్ధతిలో కొలిచారు?

71 శాతం స్థానాలు వచ్చాయంటే 71 శాతం ప్రజలు ఆ పార్టీని కోరుకున్నారని అనుకోకండి. ఇంగ్లండ్ స్థానిక ఎన్నికల్లో మన శాసనసభ ఎన్నికల్లాగే వార్డులో అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవారు గెలుస్తారు. సగానికి మించి రావలసిన అవసరం లేదు. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. పది వార్డులున్నాయి. ప్రతి వార్డులో వెయ్యి ఓట్లు పడ్డాయి. 'క' పార్టీకి 400, 'చ' పార్టీకి 350, 'ట' పార్టీకి 250. పది చోట్లా ఇలాగే వస్తే 'క' పార్టీకి 40 శాతం ఓట్లతో పదికి పది స్థానాలు దక్కుతాయి. మిగిలిన 60 శాతం ఓటర్ల గొంతు కౌన్సిల్‌లో వినిపించదు.

ఇది కేవలం ఊహ కాదు. లండన్‌లోని న్యూహామ్ బరోలో 2010, 2014, 2018 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు లేబర్ పార్టీకి 60కి 60 స్థానాలు వచ్చాయి. ఇతర పార్టీలకు ఓట్లు పడకపోలేదు. వాటికి ఒక్క స్థానమూ రాలేదు. ప్రతిపక్షం లేని సభలో బడ్జెట్టును ప్రశ్నించేవారు ఎవరు? గెలిచిన పార్టీ మంచిదా, చెడ్డదా అన్నదానితో సంబంధం లేకుండా ఆలోచించవలసిన ప్రశ్న ఇది. మిడ్ సఫోక్‌లో ఇదే పద్ధతి 2023లో గ్రీన్ పార్టీకి మేలు చేసింది. ఇతర చోట్ల దశాబ్దాల పాటు అదే పార్టీకి నష్టం చేసింది. పద్ధతి ఎవరి పక్షమూ వహించదు. ముందున్నవారిని మరింత ముందుకు తోస్తుంది, అంతే.

మరో చిక్కు కూడా ఉంది. కొన్ని వార్డుల్లో ఒక సభ్యుణ్ణి, కొన్నింటిలో ఒకరికంటే ఎక్కువమందిని ఎన్నుకుంటారు. ఇద్దరు సభ్యుల వార్డులో ఓటరుకు రెండు ఓట్లుంటాయి. కొందరు రెండూ వాడతారు, కొందరు ఒకటే వాడి ఊరుకుంటారు. అన్ని ఓట్లనూ కలిపి శాతం తీస్తే కొందరు మనుషులు రెండుసార్లు లెక్కకు వస్తారు. కాబట్టి స్థానిక ఎన్నికల ఓట్ల శాతాలు చూసినప్పుడు ఎలా లెక్కకట్టారని అడగండి.

ఇంగ్లండ్‌లో వేరే పద్ధతులు ప్రయత్నించలేదా? ప్రయత్నించారు. ఇందాక చెప్పుకున్న 1870 నాటి పాఠశాలల బోర్డు ఎన్నికలో ఓటరు తనకున్న ఓట్లన్నీ ఒకే అభ్యర్థికి వేయవచ్చు. చిన్న వర్గాలకూ ప్రాతినిధ్యం దక్కాలన్నదే దాని ఉద్దేశం.

7. లెక్కింపు: ఒక్క ఓటు విలువ

ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఎన్నికల ఓట్లను పెట్టెలు తెరవగానే పార్టీలవారీగా లెక్కించరు. మొదట ప్రతి పెట్టెలోని పత్రాలను లెక్కించి, పోలింగు కేంద్రం అధికారి రాసి ఇచ్చిన లెక్కతో సరిచూస్తారు. అభ్యర్థుల ఏజెంట్లు బల్లకు ఎదురుగా నిలబడి చూస్తుంటారు. రెండూ సరిపోయాకే అసలు లెక్కింపు మొదలవుతుంది. తేడా స్వల్పంగా ఉంటే అభ్యర్థి మళ్ళీ లెక్కించమని కోరవచ్చు.

ఈ పని నాకు కొత్త కాదు. కొన్నేళ్ళ క్రితం ఒక మండల పరిషత్ ఎన్నికలో ప్రిసైడింగ్ అధికారిగా పనిచేశాను. పోలింగు ముగిసి బ్యాలెట్ పత్రాల లెక్క రాస్తే ఒక పత్రం తక్కువ వచ్చింది. చీకటి పడింది. బస్సు డ్రైవరు తొందరపెడుతున్నాడు. ఏజెంట్లు నా ముఖం వైపే చూస్తున్నారు. 'ఒక్కటే కదా సార్' అన్నారెవరో. గంటసేపు వెతికాక తెలిసింది. ఉదయం ఒక వృద్ధురాలు పొరపాటున చించిన పత్రాన్ని కవరులో పెట్టి, లెక్కలో రాయడం నేనే మరిచాను. తప్పు నాదే. ఆ గంటసేపు ఏజెంట్లలో ఒక్కరూ కదలలేదు. నమ్మకం అనేది ఇటువంటి విసుగు పుట్టించే పనుల మీద నిలబడి ఉంటుందని ఆ రాత్రి నాకు అర్థమైంది.

ఒక్క ఓటు విలువకు 2017లో నార్తంబర్లాండ్ కౌంటీలో జరిగిన సంఘటన మంచి ఉదాహరణ. అక్కడ 67 స్థానాలు. కన్సర్వేటివ్ పార్టీకి 33 వచ్చాయి. ఆధిక్యానికి 34 కావాలి. సౌత్ బ్లైత్ వార్డులో ఆ పార్టీ అభ్యర్థికీ, లిబరల్ డెమొక్రాట్ అభ్యర్థికీ సమానంగా ఓట్లు వచ్చాయి. ఇటువంటప్పుడు లాటరీ తీయమని చట్టం చెబుతుంది. పుల్లలు లాగారు. పొడవు పుల్ల లిబరల్ డెమొక్రాట్‌కు వచ్చింది. కౌంటీలో ఆధిక్యం ఆ పుల్లతో తప్పిపోయింది. ఓట్లు సమానమైతే లాటరీ తీసే నియమం మన దేశంలోనూ ఉంది. ఆ రోజు ఓటు వేయకుండా ఇంట్లో ఉండిపోయిన వార్డు వాసి ఒక్కరు వచ్చి ఉంటే పుల్లల అవసరమే ఉండేది కాదు.

8. పట్టికలో కనిపించనివారు

ఏ ప్రయోగంలోనైనా కొలతకు అందనిదేమిటో కూడా రాసుకోవాలి. 2023 మే నెలలో ఇంగ్లండ్ స్థానిక ఎన్నికల్లో ఓటు వేసినవారు నమోదైన ఓటర్లలో సుమారు 32 శాతం. ముగ్గురిలో ఇద్దరు రాలేదు. చెత్త బండి, ఇంటి అనుమతి, ఊరి కాలనీ వంటి దగ్గరి విషయాలను నిర్ణయించే ఎన్నికకు, దూరాన ఉన్న పార్లమెంటు ఎన్నిక కంటే తక్కువమంది రావడం ఆలోచించదగ్గ వైరుధ్యం.

వచ్చి తిరిగి వెళ్ళినవారూ ఉన్నారు. 2022లో చేసిన చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో ఫొటో గుర్తింపు కార్డు చూపించడం మొదటిసారి తప్పనిసరి అయినది ఈ 2023 ఎన్నికల్లోనే. సరైన కార్డు లేక ఓటు వేయలేకపోయినవారు ఇంగ్లండ్ మొత్తంలో సుమారు 14 వేల మంది అని ఎన్నికల సంఘం తేల్చింది. పోలింగు కేంద్రాలకు వచ్చినవారిలో అది 0.25 శాతం. శాతం చూస్తే చిన్నదే. సౌత్ బ్లైత్ పుల్లలు గుర్తు చేసుకుంటే అంత చిన్నదిగా అనిపించదు. దొంగ ఓట్లను ఆపడానికి కార్డు అవసరమని ఒక పక్షం, అర్హులను ఆపుతున్నదని మరొక పక్షం వాదిస్తాయి. రెండు పక్షాలూ కోరవలసిన దొకటే: ఆగిపోయినవారిని కూడా లెక్కపెట్టడం. ఆ లెక్క ప్రచురితం కావడం మంచి సంప్రదాయం.

9. ముగింపు

మిడ్ సఫోక్‌లో సుమారు 3 వేల మంది జనాభాకు ఒక కౌన్సిల్ సభ్యుడున్నాడు. ఆయన సంతలో ఎదురవుతాడు, బడి దగ్గర కనిపిస్తాడు. 2024 డిసెంబరులో బ్రిటన్ ప్రభుత్వం విడుదల చేసిన శ్వేతపత్రం ఈ రెండంచెల పద్ధతిని తీసివేసి, కౌంటీ, డిస్ట్రిక్టుల స్థానంలో పెద్ద ఏకాంచె కౌన్సిళ్ళు రావాలని ప్రతిపాదించింది. ఖర్చు తగ్గుతుంది, ఎవరి బాధ్యత ఏదో స్పష్టమవుతుంది అన్నది ప్రభుత్వ వాదన. సభ్యుడు ప్రజలకు దూరమవుతాడన్నది విమర్శకుల వాదన. ఆ మార్పు పూర్తయితే మనం చదివిన ఈ పట్టిక చరిత్ర పుటగానే మిగులుతుంది.

స్థానిక సంస్థలు ప్రజలకు రాజకీయ శిక్షణనిచ్చే పాఠశాలలని 1882లో లార్డ్ రిప్పన్ మన దేశంలో చేసిన తీర్మానం భావించింది. స్వతంత్ర భారతంలో 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చి, పంచాయతీల్లో మూడింట ఒక వంతుకు తగ్గకుండా స్థానాలను మహిళలకు కేటాయించింది. ఇంగ్లండ్ కౌన్సిళ్ళలో ఇటువంటి రిజర్వేషన్ నేటికీ లేదు. ప్రతి దేశానికీ మరొక దేశం నుంచి నేర్చుకోదగినది ఏదో ఒకటి ఉంటుంది.

1760లో ఐ పట్టణపు ఫలితం ఎన్నికకు ముందే అందరికీ తెలుసు. 2023లో లెక్కింపు పూర్తయ్యేదాకా ఎవరికీ తెలియదు. ఈ రెండు తేదీల మధ్య జరిగినదే ప్రజాస్వామ్య చరిత్ర. ఫలితం ముందుగా తెలియకపోవడం, తెలిసిన తర్వాత ఎవరైనా సరిచూసుకోగలగడం అనే ఈ రెండు లక్షణాలూ మంచి ప్రయోగానికి ఎంత అవసరమో మంచి ఎన్నికకూ అంతే అవసరం. మీ ఊరి పంచాయతీ ఎన్నిక ముగిసి, ఫలితాల కాగితం నోటీసు బోర్డుకు అంటించినప్పుడు గెలిచినవారి పేరు చూసి వెళ్ళిపోకండి. ఒక్క నిమిషం ఆగి మిగిలిన అంకెలూ చదవండి.

ఆలోచించండి, చర్చించండి

1. మీ గ్రామం లేదా వార్డులో గత స్థానిక ఎన్నికలో పోలైన ఓట్లు, గెలిచినవారికి వచ్చిన ఓట్లు తెలుసుకొని శాతం కట్టండి. గెలిచినవారికి సగానికి మించి వచ్చాయా?

2. పది స్థానాల కౌన్సిల్‌కు మూడు పార్టీలు పోటీ చేశాయనుకోండి. 30 శాతం ఓట్లు వచ్చిన పార్టీకి ఒక్క స్థానమూ రాకుండా పోయే సందర్భాన్ని, అదే 30 శాతంతో నాలుగు స్థానాలు వచ్చే సందర్భాన్ని పట్టికలుగా రాయండి.

3. పార్లమెంటు కంటే ముందు స్థానిక సంస్థల్లోనే మహిళలకు ఓటు దక్కడానికి కారణాలు ఏమై ఉంటాయి? మీ తరగతిలో చర్చించండి.